కరిగిన టీకా

ఫ్రిజ్‌లో టీకా మందు సీసాలు రాళ్ళలా గడ్డకట్టి ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని బయటపెట్టి, కరిగాక ఒకటి తీసుకుని ఊపింది. పల్చటి పాలలా ఉండాల్సిన మందు విరిగిపోయినట్టయింది. తెల్లటి పలుకులు గబగబా అడుక్కి దిగిపోయాయి.

"ఇవి పనికిరావు సార్," అంది.

ఆస్పత్రి సూపరింటెండెంటు గట్టిగా తుమ్మి, ముక్కు తుడుచుకున్న చేత్తోనే సీసా అందుకున్నాడు.

"మంచు కరిగితే నీళ్ళే కదమ్మా. ఇదీ అంతే."

"కాదు సార్. గడ్డకట్టేటప్పుడు మంచు, మందు రేణువుల్ని నొక్కి ముద్దలు చేసేస్తుంది. మంచు కరుగుతుంది గానీ ఆ ముద్దలు విడవు. పిల్లలకి వేసినా వెయ్యనట్టే."

"చాదస్తం. పారేస్తే పైవాళ్ళకి సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది నేను. బయట తల్లులు ఎదురుచూస్తున్నారు, వెళ్ళు."

పాపం, తెలియక అంటున్నాడనుకుంది. సాయంత్రం ఇంకోసారి నిదానంగా చెబితే వింటాడు, ఈలోగా ఎవరికీ వెయ్యకుండా ఏదో వంక చెప్పి పంపించేద్దామనుకుంటూ వసారాలోకి వచ్చింది.

అతను వెనకే వచ్చాడు, భుజాన మనవరాలిని వేసుకుని. జేబులోంచి చిన్న ఫ్లాస్కు తీసి గొణిగాడు.

"మా పాపకి మాత్రం ఇందులోది వెయ్యమ్మా. నిన్ననే బయట కొని దాచాను."

ఆమెకు ఒళ్ళంతా కంపరం పుట్టింది. ఒకడుగు వెనక్కి వేసి, వరసలోని తల్లులందరికీ వినపడేలా అడిగింది.

"ఎందుకు సార్? ఫ్రిజ్‌లో ఉన్నవాటికి ఏమయింది?"