బల్లలు తుడిచే అరగంట

షానా ముఖం వెలిగిపోతుంటే వెర్నాకి ఒళ్ళు మండిపోయింది.

"పిల్లల భోజనాలయ్యాక బల్లలు తుడిచే అరగంట కూడా నాకే ఇస్తున్నారట!" పుల్లలకి గుచ్చి వేయించిన కార్న్ డాగ్‌లు ట్రేల్లో సర్దుతూ చెప్పింది షానా. "దాంతో వారానికి ఇరవై గంటలు దాటేస్తాను. పింఛను పథకంలో నన్నూ చేర్చుకుంటారు వెర్నా! ముసలితనంలో కూతురి మీద పడి బతకక్కర్లేదు."

"నీ అదృష్టం," అంది వెర్నా మూతి ముడుచుకుని.

ఆ స్కూలు వంటింట్లో అందరివీ ఇరవైకి లోపు గంటలే. ఆ లోపున్నవాళ్ళకి పథకంలో చోటు లేదు.

షానా నిన్నగాక మొన్న వచ్చింది. పొయ్యి వెలిగించడం కూడా వెర్నాయే నేర్పింది. అలాంటిది, నాలుగు బల్లలు తుడిచేసి పింఛను కొట్టేస్తుందా? దానికోసం మోకాళ్ళు అరగాలి. ఆవిర్లలో గిన్నెలు కడిగి కడిగి చేతులు బొబ్బలెక్కాలి. ఆ పింఛను విలువ వెర్నాకి తెలిసినంతగా అక్కడ ఇంకెవరికి తెలుసు?

ఇది ఉత్త కుళ్ళుమోతుతనమని తనకీ తెలుసు. అయినా కాళ్ళు మేనేజర్ గదివైపే నడిచాయి. అదనపు పని ఏది వచ్చినా ముందు పాతవాళ్ళని అడగాలని యూనియన్ ఒప్పందం. అది ఆయన మరిచాడు.

"ఆ అరగంట నాకు కావాలి డ్వైట్."

డ్వైట్ కళ్ళజోడు తీశాడు. "నీకెందుకు వెర్నా ఇది? ఆ పిల్ల ఎంత ఆశ పెట్టుకుందో తెలుసుగా?"

"సీనియర్ని నేనా, తనా?"

"నువ్వే."

"మరింకేం? నా పేరు రాసుకో."

మధ్యాహ్నానికి కబురు షానాకి చేరింది. సింకులో మిగిలిన ట్రేలన్నీ కడిగేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని వచ్చి వెర్నాని గట్టిగా వాటేసుకుంది.

"ఎంత బుద్ధితక్కువదాన్ని! ఇన్నాళ్ళ నుంచి ఇక్కడ చాకిరీ చేస్తున్నావు, ముందు నీకే రావాలి కదా. నాకు ఇంకో అవకాశం రాకపోదులే."

"వస్తుందిలే," అని షానా వీపు నిమిరింది వెర్నా. పొద్దుటి నుంచీ రగులుతున్న కడుపుమంట చల్లబడింది.

నది అవతలి కౌంటీలో బడిపిల్లలకి వండి వండి రిటైరైన వెర్నా, అదే పథకం నుంచి ఆరేళ్ళుగా నెలనెలా పింఛను తీసుకుంటూనే ఉంది.