డాక్టర్లు లేని ఇల్లు

ఆ ఆదివారం పొద్దున్నే డాక్టర్ రామమోహన్ మాసిన లుంగీ కట్టుకుని, తెలుగు వలస కూలీలుండే వడోద్‌లో ఒక ఒంటి గది ఇంట్లో చాప మీద కూర్చుని, మగ్గం కార్మికుడిగా మారిపోయాడు.

ఆ గది ఆయన కాంపౌండర్ మల్లేష్‌ది. డాక్టరుగారి సొంత ఫ్లాటూ ఆసుపత్రీ అదే ఊళ్లో అడాజన్‌లో ఉన్నాయి. ఆసుపత్రి బోర్డు మీద తాత పేరు, తండ్రి పేరు, ఆయన పేరు వరసగా ఉంటాయి. మూడు తరాల వైద్యం అని ఇన్నాళ్లూ ఎక్కడికెళ్లినా చెప్పుకుని మురిసిపోయాడు. ఇప్పుడా మూడు తరాలే కూతురు శ్రీలేఖ చదువుకు అడ్డొచ్చాయి.

నీట్‌లో ఆమెకొచ్చిన ర్యాంకుకు ప్రభుత్వ కాలేజీలో సీటు రాదు. ప్రైవేటు కాలేజీలో చేరాలంటే ఫీజు లక్షల్లో ఉంది. ఇంటావంటా డాక్టరు లేని పిల్లలకైతే ఊళ్లో ఒక ట్రస్టు ఫీజంతా కడుతుంది. రామమోహన్ దరఖాస్తులో ‘తండ్రి: పవర్‌లూమ్ కార్మికుడు’ అని రాసేశాడు. అది చూసి శ్రీలేఖ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

“ఇంటికి విచారణకొచ్చినోళ్లతోటి మా మగ్గమోళ్ల లెక్క మాట్లాడాలె. ఏంది, గిట్ల, జర. ఈ మూడు మాటలు వాడున్రి సార్, మిగిలింది నేను చూసుకుంట” అని మల్లేష్ ధైర్యం చెప్పాడు.

విచారణకు ట్రస్టు తరఫున అంబదాస్ అనే పెద్దాయన వచ్చాడు. ఒకప్పుడు ఆయనా మగ్గాల మీద పనిచేసినవాడే. రెండంతస్తులు ఎక్కి, గుమ్మంలో ఛాతీ పట్టుకుని నిలబడిపోయాడు. రామమోహన్ చేయి తనంతట తానే వెళ్లి ఆయన నాడి పట్టుకుంది. అంతలోనే తెలివి తెచ్చుకుని, ఆ చేయి అలాగే పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

“జర కూసో అన్నా. ఏంది, గిట్ల ఆయాసపడుతున్నవ్?”

మూడు మాటలూ ఒక్కసారే అయిపోయాయి.

అంబదాస్ నీళ్లు తాగి ఫారం తీశాడు. “ఎన్ని సాంచెలు నడుపుతవ్ తమ్మీ?”

ఆ మాట రామమోహన్ ఎప్పుడూ వినలేదు. “పన్నెండు మగ్గాలు” అని వెనకనుంచి మల్లేష్ అందుకున్నాడు.

“ఇంట్ల డాక్టర్లెవరన్న ఉన్నరా?”

“లేరన్నా. మా నాయినదీ తాతదీ మగ్గం పనే.”

అంబదాస్ పెన్ను పక్కన పెట్టాడు. “అడాజన్‌ల మీ దవాఖాన నాకెరుకే, డాక్టర్ సాబ్.”

మల్లేష్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. రామమోహన్ తెచ్చిపెట్టుకున్న యాస జారిపోయింది.

“తప్పయిపోయిందండీ. దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను. మా అమ్మాయిని మాత్రం ఏమీ అనకండి. తను మొదట్నుంచీ వద్దనే చెప్పింది.”

“వాపస్ ఎందుకు?” అంటూ అంబదాస్ ఫారంలో ‘ఈ ఇంట్లో డాక్టర్లు లేరు’ అని నింపాదిగా రాసి సంతకం పెట్టాడు.

రామమోహన్ ఫారంలోకి తొంగి చూశాడు. “మరి... తెలిసి కూడా అలా ఎలా రాశారు?” అన్నాడు.

“పోయినేడు గుండెల నొస్తున్నదని మీ కాడికొస్తే గ్యాసని గోలీలిచ్చి పంపిండ్రు సాబ్. గా సాయంత్రమే ఇంకో దవాఖానల నాకు రెండు స్టెంట్లు ఏసిండ్రు. మీ ఇంట్ల డాక్టర్ లేడని నేను ఏడనన్న సంతకం పెడ్త.”