ఏడుగురు హవ్వలు

"ఆ పేరు కొట్టేయండి," అన్నాడు బయూమీ, ఆఫీసు గడప దాటుతూనే.

షాహినాజ్‌కు ఒళ్లు మండింది. తయారయ్యాడు ఇంకొకడు.

పోర్ట్ సయీద్ మీద బాంబులు పడి యాభై ఏళ్లు కావస్తోంది. అప్పుడు పోయిన వాళ్ల పేర్లతో రేవు దగ్గర గోడ కడుతున్నారు. పేర్లు సేకరించే పని షాహినాజ్‌ది. మగవాళ్ల పేర్లు ఇట్టే దొరికాయి. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఒక్కడూ నోరు విప్పడు. ఫలానా హసన్ తల్లి, ఫలానా వారి కోడలు, అంతే. కన్నతల్లి పేరు నలుగురిలో పలికితే పరువు పోతుందట. అలా పోయే పరువు ఉంటే ఎంత, ఊడితే ఎంత?

ఐదేళ్లు గడపగడపా తొక్కింది. పాత కాగితాలన్నీ తిరగేసింది. బయూమీ తల్లి పేరు మాత్రం వెతక్కుండానే దొరికింది. అతని కూతురు తండ్రి జనన పత్రం నకలు తెచ్చిచ్చింది. తల్లి: హవ్వా.

బాంబులకు తగలబడిన మనాఖ్ పేటలోనే ఆ పేరు గలవాళ్లు ఏడుగురు తేలారు. ఊళ్లో ఇంకెక్కడా ఒక్కరు లేరు. అక్కడివాళ్లకి ఆ పేరంటే మహా ముచ్చట కాబోలని షాహినాజ్ పత్రికలో వ్యాసం కూడా రాసింది.

"రేపు పొద్దున రాతి మీద చెక్కేస్తున్నారు బాబాయ్ గారూ. ఇప్పుడా వచ్చేది?"

"మా అమ్మాయి నాకు చెప్పకుండా ఇచ్చింది. పేపర్లో చూసి పరిగెత్తుకొచ్చా. చెక్కారో, సుత్తి తెచ్చి నేనే పగలగొడతా."

జీవితమంతా కాలువలో ఓడలకు మోకులు కట్టిన చేతులతో బల్ల మీది పేర్ల జాబితాను తన వైపు లాక్కున్నాడు.

"పెద్దాయన సరిగ్గా అన్నాడు. ఆడవాళ్ల పేర్లు వీధిలో పెడతారా ఎవరైనా?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న ఒకాయన.

"నువ్వు నోర్ముయ్," అన్నాడు బయూమీ అటు చూడకుండానే.

షాహినాజ్ ఇక ఊరుకోలేకపోయింది.

"నవమాసాలు మోసి కన్నది. ఆ మంటల్లో మాడి మసైపోయింది. ఆవిడ పేరు చెప్పుకోవడానికి సిగ్గా మీకు?"

"సిగ్గే."

"మరేం రాయమంటారు? బయూమీ తల్లి అనా?"

"అదే రాయండి. అంతవరకే నిజం."

"చచ్చినా రాయను. ఈ గోడ మీద మనుషులుంటారు, ఫలానావాడి తల్లులుండరు. సరే, ఓ పని చేయండి. మీ అమ్మ పేరు మీ నోటితో ఒక్కసారి పలకండి. ఇప్పుడే కొట్టేస్తా."

బయూమీ నోరు తెరిచాడు. మాట రాలేదు. బెంచీ మీద వాళ్లు తలలు దించుకున్నారు.

"చూశారా? రాదు. మీ మగవాళ్లెవరికీ రాదు," అంది షాహినాజ్ కలం మూత పెట్టేస్తూ.

ఆ కలాన్ని బయూమీ గట్టిగా పట్టుకున్నాడు.

"మంటల్లోంచి ఎత్తుకొచ్చిన పసివాళ్లం ఏడుగురం, అమ్మ పేరేంటంటే ఒక్కళ్లకీ చెప్పడం రాకపోయేసరికి, అనాథాశ్రమం గుమాస్తా అందరికీ ఆదాము పెళ్లాం పేరే రాసి పడేశాడమ్మా."