గుర్రానికి కాపలా

"పది రోజులుగా నిలబడే ఉన్న గుర్రం ఇవాళ కూలబడింది డాక్టరుగారూ. సాయంత్రం అమ్మినవాడికే తిప్పి పంపేస్తాను," అంది అత్తగారు.

పశువైద్యుడు గుర్రం మీదికి వంగి విని నవ్వాడు. "గురక పెడుతోందమ్మా. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది గానీ, గాఢనిద్రకు పడుకోవాల్సిందే. కొత్తచోట తోడుగా ఎవరైనా నిలబడితేనే ధైర్యంగా పడుకుంటుంది. ఇక్కడ ఎవరున్నారు?"

"ఇదిగో, నెల క్రితం వచ్చిన మా కోడలు. పొద్దుటి నుంచీ చీపురు పట్టుకుని గుంజలా నిలబడింది. తిట్టాను కూడా."

"నాకూ ఈ ఇంట్లో ఇంకా సరిగ్గా నిద్రపట్టడం లేదత్తయ్యా," అంది కోడలు. "దాని అవస్థ తెలిసి కదల్లేకపోయాను."

డాక్టరు మళ్లీ నవ్వబోయాడు.

"మెల్లగా," అని అత్తగారు ఆయనను వారించింది. కోడలి చేతిలోని చీపురు తీసుకుంది.

"నువ్వెళ్లి పడుకో అమ్మాయ్. నేను నిలబడతాను."