పీఠం ఖాళీ కాని కాలం

ఏటేటా వేయించుకునే సూదిమందుతో మరణం వాయిదా పడుతున్న కాలం కనుక, అఖండబోధస్వామి కన్నుమూయడం సహజంగానే హత్య కేసయింది. ఇన్‌స్పెక్టర్ హైమవతి ఆయన శిష్యుడు విమలబోధను మఠంలోనే నిలదీసింది.

"పొద్దున దేహం అశాశ్వతమని ప్రవచనం, సాయంత్రం సూది! నూరేళ్లుగా నేను కాబోయే పీఠాధిపతినే తల్లీ," అన్నాడతను.

"అందుకని చంపేశారా?"

"రామ రామ! ఆత్మను చంపగలమా? సూదిలో మందు తీసేసి గంగాజలం నింపాను. మిగతాది ఆయన బోధించినట్టే జరిగింది."

హైమవతి సంకెళ్లు బయటికి తీస్తుండగా ఫోన్ మోగింది. పదవీ విరమణ ఎరుగని పై అధికారి.

"ఇంకా తేల్చలేదేమమ్మా? నీకు ప్రమోషన్ ఇప్పించాలని నాకూ ఉంది. ఖాళీ ఏదీ?"

ఆమె ఫోన్ పెట్టేసి, సంకెళ్లు సంచిలో వేసి, చేతులు జోడించింది.

"స్వామీ, ఆ తీర్థం ఇంకేమైనా మిగిలిందా?"