రొయ్య రక్తంలో పాలు

"రొయ్య రక్తంలో పాల ప్రోటీన్ ఎలా వస్తుందండీ?" శ్రీసుధ మౌసును విసిరికొట్టినంత పని చేసింది.

మొగల్తూరు చెరువుల్లో రొయ్యలెందుకు చచ్చిపోతున్నాయో రేపటికల్లా చెప్పాలి. ల్యాబులో వెంట్రుకంత సన్నటి గొట్టం రక్తంలోని పెప్టైడ్లను, అంటే ప్రోటీన్ ముక్కల్ని విడదీస్తుంది, మాస్ స్పెక్ట్రోమీటర్ వాటిని తూచి గుర్తుపడుతుంది. రవ్వంత మరక పడినా పట్టేస్తుంది. పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు నడిపినా అదే పాల మరక.

"మీరు పెరుగన్నం తిన్న చేత్తో ముట్టుకుని ఉంటారు!" టెక్నీషియన్ కుక్కుటేశ్వరరావు మీద విరుచుకుపడింది.

"నేనసలు శాంపిల్ జోలికే రాలేదు మేడమ్. అంతా మీరే చేశారు కదండీ."

నిడదవోలు నుంచి అమ్మ ఫోను. శ్రీసుధ మళ్ళీ కట్ చేసింది. గ్లవ్స్ చేత్తోనే కోటు ముందు సర్దుకుని, అవి ఆవు పాలో గేదె పాలో తేల్చి ఆయన నోరు మూయిద్దామని డేటాబేసులో వెతికింది.

ఆవువి కావు. గేదెవీ కావు. మనిషివి.

ఏసీ గదిలో ఈ చెమటేంటని పొద్దుట్నుంచీ విసుక్కుంటున్న, కోటు ముందరి తడి వైపు చూసుకుంది. ఫోన్ మళ్ళీ మోగితే ఈసారి ఎత్తింది.

"సీసా నోట పెట్టనివ్వడం లేదే నీ కూతురు."

అమ్మ మాట వెనక గుక్కపట్టిన ఏడుపు వినబడింది. కోటు ఇంకాస్త తడిసింది.