బూరుగు ముళ్లు

"ఈ చెప్పు నీకెక్కడిదిరా?"

పోశం అడిగాడు. ఆ మనిషి పలకలేదు.

మొదటి దెబ్బ అప్పుడే పడింది.

గోదావరిఖనిలో షేర్ ఆటో నడిపే పోశానికి ఒక్కతే కూతురు, దీప. పొద్దున ఆడుకోవడానికి పోయిన పిల్ల మధ్యాహ్నం దాటినా ఇంటికి రాలేదు. అవి ఇంకో నెలలో తెలంగాణ రాష్ట్రం రాబోతున్న ఎండాకాలపు రోజులు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ఊరంతా ఒకటే పుకారు. వెతికి వెతికి పోశం ఆటో అడ్డాకు చేరాడు.

సరిగ్గా అప్పుడే అక్కడికి వచ్చాడు ఈ మనిషి. భుజాన సంచి, సంచిలో బూరుగు దూది. చేతుల నిండా నెత్తురు, అంగీ ముందంతా నెత్తురు. ఒక పిల్ల చెప్పును కనబడ్డవాళ్లందరికీ చూపిస్తున్నాడు.

తెగిన ఆ చెప్పు పట్టీని ఎర్ర వైరుతో కట్టింది పోశమే. గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాడు?

"నా బిడ్డ ఏదిరా?"

ఆ మనిషి గొంతులో గరగర తప్ప మాట రాలేదు. మూతబడ్డ బొగ్గుగని, పాత బాయి వైపు చెయ్యి చూపించి, పోశం అంగీ పట్టుకుని అటు లాగాడు.

"ఉరుకుతుండు, పట్టుండ్రి" అన్నాడు తోటి డ్రైవర్ మొగిలి.

ఇంకేం కావాలి, అడ్డా అంతా అతని మీద పడింది. చేతికి ఏది దొరికితే దానితో కొట్టారు. ఎందుకు కొడుతున్నదీ తెలియనివాళ్లు కూడా రెండు వేసి పోయారు. సంచి చినిగి దూది రోడ్డంతా ఎగిరింది.

"ఆ నెత్తురు ఎవలిదిరా?" అంటూ పోశం జాకీ రాడ్డు ఎత్తాడు.

"ఆగుండ్రి బిడ్డా. గాయన అటేదో సూపెడుతుండు" అని టీ కొట్టు సమ్మవ్వ అడ్డం వచ్చింది.

ఆమెను పక్కకు నెట్టేశారు. రాడ్డు నెత్తి మీద పడింది.

సమ్మవ్వ అతని నోట్లో నీళ్లు పోస్తే పక్కనుంచి కారిపోయాయి. చెయ్యి మాత్రం పాత బాయి వైపే చాపి ఉంది.

అప్పటికి గాని పోశానికి అటు చూడాలని తోచలేదు. ఆటో తీసి ఉరికించాడు.

పాత బాయి మీద భూమి కుంగి పెద్ద గుంత పడింది. అడుగు నుంచి గట్టు దాకా లేచిన బూరుగు చెట్టు తప్ప పట్టుకుని ఎక్కడానికి అందులో ఇంకేమీ లేదు. మాను నిండా మేకుల్లాంటి ముళ్లు. కింది నుంచి పైదాకా ఆ ముళ్లకు నెత్తురు.

గట్టు మీద, నీడలో, పరిచిన దూది మీద దీప పడుకుని ఉంది. విరిగిన కాలికి రెండు కట్టెలు పెట్టి తువ్వాలతో కట్టి ఉంది. ఒంటి మీద ఒక్క ముల్లు గీత లేదు.

"బిడ్డా" అంటూ పోశం కూలబడ్డాడు.

"దూది కోసం పోయి జారి పడ్డ బాపూ. ఒక కాక దిగొచ్చి, నన్ను వీపుకు కట్టుకొని ముండ్ల చెట్టు ఎక్కిండు. పాపం, ఆయనకు మాటలు రావు."

పోశం తల తిప్పి ముళ్లకున్న నెత్తురు చూశాడు.

దీప అతని వెనక ఎవరి కోసమో వెతికింది.

"నా చెప్పు సూపెడితె మా బాపు గుర్తుపట్టి వస్తడని నేనే ఇచ్చి పంపిన. కాక ఏడి బాపూ?"